టెక్కలిలో నేను వెనక్కి పిలవని పిల్ల

నా ఉద్యోగ జీవితంలో సంజాయిషీ ఇవ్వాల్సి వచ్చింది ఒక్కసారే. కానీ దాన్ని రెండుసార్లు రాశాను. మొదటిసారి రాసినదాంట్లో ఒక అబద్ధం ఉంది. అది ఎలా పుట్టిందో, ఎవరి ముందు నిలవలేకపోయిందో చెబుతాను. కొత్తగా వ్యాయామ ఉపాధ్యాయులుగా చేరుతున్న మీకు జట్టును ఎలా గెలిపించాలో చెప్పేవాళ్ళు చాలామంది దొరుకుతారు. ఆ విషయంలో నేను పెద్దగా పనికిరాను.

రెండువేలు దాటిన తొలి ఏళ్ళలో నాకు ఉద్దానంలోని ఒక హైస్కూలుకు బదిలీ అయింది. మా ఇల్లు పలాసలో. మందస వైపు వెళ్ళే బస్సెక్కి, మధ్యలో దిగి, ఆటోలో బడికి చేరేదాన్ని. బడి వెనక కొబ్బరి, జీడి తోటలు. గాలి ఇటు తిరిగినప్పుడు సముద్రం హోరు క్లాసులోకి వినిపించేది. పిల్లల్లో సగం మంది తోటల ఊళ్ళవాళ్ళు, సగం మంది సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుటుంబాలవాళ్ళు.

చేరిన వారానికి స్టోరు గదిలో గోనెసంచి కింద పదిహేను హాకీ కర్రలు దొరికాయి. ఏ పథకంలో వచ్చాయో, ఎవరు పంపారో ఎవరికీ గుర్తులేదు. నాలుగింటికి పిడి చుట్టూ ఉండే పట్టీని ఎలుకలు కొరికేశాయి. హెడ్మాస్టరు గారికి చూపిస్తే ఆయన కళ్ళు మెరిశాయి. రిటైర్మెంటుకు మూడేళ్ళున్న మనిషి. ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చునేవారు. జిల్లాలో ఆడపిల్లల హాకీ జట్లు తక్కువ కాబట్టి తొందరగా పైకి రావచ్చని, తాను దిగిపోయేలోపు మన బడి పేరు ఒక్కసారైనా పేపర్లో పడాలని అన్నారు.

జట్టు కడతానని ప్రకటిస్తే పంతొమ్మిది మంది వచ్చారు. నిజంగా ఆడగలిగినవాళ్ళు అయిదుగురు. మిగిలినవాళ్ళలో బంతికి భయపడేవాళ్ళు, కర్రను చీపురులా పట్టుకునేవాళ్ళు, ఇంటి పని తప్పించుకోవడానికి వచ్చినవాళ్ళు ఉన్నారు. ఒకళ్ళను పంపేస్తే ఆమెతోపాటు స్నేహితురాలూ పోతుంది, ఆపైన జట్టే ఉండదు. అందుకని ఒక నియమం పెట్టాను. మైదానానికి వచ్చిన ఏ పిల్లనూ వెనక్కి పంపను, మ్యాచ్‌కి బస్సెక్కిన ప్రతి పిల్లా కాసేపైనా ఆడి తీరుతుంది. హాకీలో ఆటగాళ్ళను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు కాబట్టి అది కుదిరే పనే. ఆ మాట మొదట గతిలేక అన్నాను. పిల్లలు నమ్మాక నాకు దానిమీద గర్వం పుట్టింది.

కర్రలు చాలక సగం మంది కొబ్బరి మట్టలతో నేర్చుకున్నారు. మట్ట మొదలు వెడల్పుగా, కాస్త వంపుగా ఉంటుంది. కత్తితో రెండు చెక్కులు చెక్కితే హాకీ కర్రకు దగ్గర చుట్టంలా తయారవుతుంది. ఆ చెక్కడంలో అందరికంటే నేర్పరి ఒక పొడుగు పిల్ల. ఎనిమిదో తరగతి, బారువ వైపు నుంచి వచ్చేది, తండ్రి వేటకెళ్తాడు. ఇసుకలో పెరిగిన కాళ్ళు కదా, గట్టి నేల మీద ఆ పిల్లను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. నెల తిరగకుండానే ఆమె మా సెంటర్ ఫార్వర్డ్ అయింది.

ఆమె వెంట నీడలా ఒక కళ్ళజోడు పిల్ల వచ్చేది. అదే క్లాసు, పక్క వీధి. చదువులో మొదటిది, ఆటలో చివరిది. బంతి వెళ్ళిపోయాక కర్ర ఊపేది. అయినా ఒక్కరోజు మానలేదు.

నేను నేర్చుకున్న రోజుల్లో మా గురువులు ఆట మధ్యలో నీళ్ళు తాగనిచ్చేవారు కాదు, కడుపు పట్టేస్తుందనేవారు. నేనూ అదే పద్ధతి పెట్టాను. పిల్లలు ఒక్కరూ గొణగలేదు. ఎంత క్రమశిక్షణ అని మురిసిపోయాను. ఎందుకు గొణగలేదో అప్పట్లో నాకు తట్టలేదు.

రెండో ఏడు టెక్కలిలో పోటీలు పెట్టారు. ఉదయం ఒక మ్యాచ్, గెలిస్తే మధ్యాహ్నం ఫైనలు. పదహారు మందిని తీసుకెళ్ళాం. తోడుగా మా లెక్కల మాస్టారు వచ్చారు. తెల్లారకముందే ఆటోల్లో పలాస చేరి టెక్కలి బస్సెక్కాం. వానలు తెరిపిచ్చిన రోజులు. అలాంటప్పుడు కాసే ఎండ వేసవి ఎండకంటే మొండిగా ఉంటుంది, నేలలోంచి ఆవిరి లేస్తుంది.

ఉదయం మ్యాచ్‌లో మాట ప్రకారం పదహారు మందినీ ఆడించాను. ఒక్క గోలు తేడాతో గెలిచాం, గోలు పొడుగు పిల్లదే. హెడ్మాస్టరు గారికి ఫోన్ చేస్తే, ఫైనలు చూడటానికి తానే బయలుదేరుతున్నానన్నారు. 

మధ్యాహ్నం ఎదుటి జట్టు మూడేళ్ళుగా గెలుస్తున్న జట్టు. అందరికీ ఒకే రకం బూట్లు. మా పిల్లలు సగం మంది వట్టికాళ్ళతో ఉన్నారు. సగం ఆట అయ్యేసరికి చెరొక గోలు. హెడ్మాస్టరు గారు గొడుగు కింద కుర్చీ వేసుకుని నా వెనకే కూర్చున్నారు. ఏమీ అనడం లేదు. అనకపోవడమే నాకు బరువుగా ఉంది.

విరామం తర్వాత మార్పులు చేయాలి. అయిదుగురు పిల్లలు గీత బయట కూర్చుని నా ముఖంలోకి చూస్తున్నారు. ఇంకో అయిదు నిమిషాలు ఆగుదాం అనుకున్నాను. అయిదు నిమిషాలయ్యాక మరో అయిదు. పొడుగు పిల్లను తీస్తే ఓడిపోతాం, ఆ సంగతి గొడుగు కింద కూర్చున్నాయనకూ తెలుసు.

అప్పుడు కళ్ళజోడు పిల్ల లేచి నా పక్కకు వచ్చింది. చాలా మెల్లగా మాట్లాడింది.

"మేడమ్, అది నిన్న సాయంత్రం నుండి నీళ్ళు తాగనేదండి. కళ్ళు తిరుగుతన్నాయని ఇందాక నాతో సెప్పినాది."

నేను బంతి మీద నుంచి చూపు తిప్పలేదు. తన వంతు రాలేదని ఈ పిల్ల ఉపాయం పన్నుతోందని అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

"నువ్వు ఆడటం కోసం ఇలాంటివి కల్పించకు. వెళ్ళి కూర్చో," అన్నాను.

ఆమె వెళ్ళి కూర్చుంది.

ఇంకో రెండు నిమిషాలకు పొడుగు పిల్ల మైదానం మధ్య నుంచి నా వైపు తిరిగి చెయ్యి పైకెత్తింది. మార్చండి అని చెప్పడానికి మేం పెట్టుకున్న గుర్తు అది. రెండేళ్ళలో ఆ పిల్ల ఎప్పుడూ ఎత్తలేదు. నేను చూశాను. చూసి, అవతలి గోలు వైపు ఎవరినో కేకేస్తున్నట్టు తల తిప్పుకున్నాను.

ఆ తర్వాత బంతి ఆమెకు అందింది. ఇద్దరిని దాటింది. ముందు గోల్‌కీపరు ఒక్కతే ఉంది. హెడ్మాస్టరు గారు కుర్చీలోంచి లేచిన చప్పుడు వినిపించింది. పొడుగు పిల్ల బంతిని వదిలేసి పరిగెడుతూనే ఉంది. బంతి వెనకే ఆగిపోయింది, ఆమె మాత్రం కర్ర వంచి, బంతి ఉన్నట్టే నాలుగడుగులు పరిగెత్తి, మోకాళ్ళ మీద కూలబడి పక్కకు ఒరిగిపోయింది.

నేను చేరేసరికి ఒళ్ళు కాలిపోతోంది. చెమట మాత్రం ఒక్క చుక్క లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ నన్ను చూడటం లేదు. ఏదో గొణుగుతోంది, వాళ్ళమ్మతో మాట్లాడుతున్నట్టుంది. లెక్కల మాస్టారు ఆటో పిలిచారు. నేనూ కళ్ళజోడు పిల్లా ఆమెను ఒళ్ళో వేసుకుని ఆసుపత్రికి వెళ్ళాం. దారంతా కళ్ళజోడు పిల్ల తువ్వాలు తడిపి ముఖం తుడుస్తూనే ఉంది. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

డాక్టరు కుర్రాడే. సెలైను పెట్టించి, ఒంటినిండా తడిగుడ్డలు కప్పించి, రక్తం తీయించాడు. ఏ ఊరని అడిగాడు. చెప్పాను. రాస్తున్నవాడు ఆగిపోయాడు. ఉద్దానం ఊళ్ళలో కిడ్నీలు పాడై మనుషులు పోతున్నారని అప్పటికే డాక్టర్లకు తెలుసు.

"ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బుందా?"

నాకు తెలియదు. రెండేళ్ళుగా నా దగ్గర ఆడుతున్న పిల్ల ఇంటి సంగతి నాకు తెలియదు. కళ్ళజోడు పిల్ల చెప్పింది, "ఆల పెదనాన్నకండి. పోనేడాది పోనాడండి."

డాక్టరు ఆ సంగతి కాగితం మీద రాసుకున్నాడు. పిల్లకు మూత్రం వస్తేగానీ, రక్తం ఫలితం చూస్తేగానీ తానేమీ చెప్పలేనన్నాడు. నిన్నటి నుంచి నీళ్ళెందుకు తాగలేదని అడిగితే కళ్ళజోడు పిల్ల తల దించుకుంది. ఆయన అటు వెళ్ళాక నేను మళ్ళీ అడిగాను. గోడకేసి చూస్తూ చెప్పింది.

"బడిలో ఎల్డానికి సోటు నేదు కదండి. అందుకని ఎవులమూ తాగమండి. మేచ్ ఉన్న రోజుకైతే ముందురోజు నుండే మానేత్తాం. బస్సు ఆపమని మాస్టారికెలగ సెప్తామండి?"

తోటలున్నాయి కదా అని నేను అడగలేదు. తోటల్లో మగవాళ్ళు పనిచేస్తుంటారని నాకూ తెలుసు. హెడ్మాస్టరు గారి గది వెనక ఒక మరుగుదొడ్డి ఉండేది, సిబ్బంది కోసం. దాని తాళంచెవి నా బల్ల సొరుగులోనే ఉండేది. రోజూ నేను వాడుకుని తాళం వేసి వచ్చేదాన్ని. నా చేతికింద పంతొమ్మిది మంది ఆడపిల్లలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గొంతు తడుపుకోకుండా పరిగెడుతుంటే, అది నా శిక్షణ గొప్పదనం అనుకున్నాను.

ఊళ్ళో కొట్టుకు ఫోన్ చేస్తే కబురు ఒడ్డుకు చేరి, తండ్రి సాయంత్రానికి వచ్చాడు. ఒంటిమీద ఉప్పునీరు ఆరి తెల్లటి చారలు కట్టింది. ఆయన అరుస్తాడని, కొడతాడని కూడా అనుకున్నాను. అలాగైనా బాగుండేది. మంచం దగ్గర నిలబడి పిల్ల పాదం ఒకటి చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత బయటికి వచ్చి నాతో అన్నాడు.

"మా అన్న కూడా ఇలగే, ముందు ఓ రోజు తోటలో పడిపోనాడండి. ఎండదెబ్బనుకున్నాం. మా గుంటకీ అదేనా అమ్మా? తెలిస్తే సెప్పీండి. దాయకండి."

తెలియదన్నాను.  ఆయన నడవాలో నేలమీద కూర్చున్నాడు. నేనూ కాస్త ఎడంగా కూర్చున్నాను. సీసా ఒకటి అయిపోయింది, ఇంకొకటి పెట్టారు. నర్సు వచ్చి చూసి వెళ్ళేది, మేమిద్దరం ఆమె ముఖంలోకి చూసేవాళ్ళం, మూత్రం ఇంకా రాలేదన్నట్టు ఆమె తల అడ్డంగా ఊపేది. అలా ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టలేదు.

దీపాలు పెట్టే వేళకు లోపలి నుంచి కళ్ళజోడు పిల్ల పరుగున వచ్చి నన్ను పిలిచింది. వెళ్ళాను. పొడుగు పిల్ల కళ్ళు నన్ను గుర్తుపట్టాయి. దగ్గరకు రమ్మన్నట్టు వేలు కదిపింది. వంగాను.

"మేడమ్, బయటికెల్లాలండి," అంది, నా చెవిలో, తండ్రి వినకుండా.

రెండేళ్ళలో ఆ మాట నాతో ఏ పిల్లా అనలేదు. నేనూ నర్సూ ఆమెను చెరో పక్కా పట్టుకుని తీసుకెళ్ళాం. తలుపు బయట నిలబడి నేను ఏడ్చాను. తర్వాత రక్తం ఫలితం కూడా వచ్చింది. కిడ్నీలకు ఏమీ కాలేదని, ఒంట్లో నీరు పూర్తిగా ఇంకిపోయిందని, ఇంకో గంట ఆలస్యమైతే వేరే సంగతి చెప్పేవాణ్ణని డాక్టరు అన్నాడు. తండ్రి ఆయనకు దణ్ణం పెట్టాడు. అలవాటుకొద్దీ నాకూ పెట్టాడు. ఆ దణ్ణం ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

మూడో రోజు పైనుంచి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. హెడ్మాస్టరు గారు తలుపు దగ్గరికి వేసి నన్ను కూర్చోబెట్టారు. ఆయన చెడ్డమనిషి కాదు. ఆ రోజు తర్వాత ఆయన ముఖం కూడా పీక్కుపోయింది. పిల్లకు బాగోలేదని నాకెవరూ చెప్పలేదని రాయమన్నారు. అది రాస్తే అందరికీ మంచిదన్నారు. రాశాను. చేతిరాత మాత్రం ఎప్పటికంటే అందంగా వచ్చింది. సాక్షిగా ఆ రోజు నా వెంటే ఉన్న కళ్ళజోడు పిల్లతో సంతకం పెట్టిద్దామని ఆయనే పిలిపించారు.

ఆమె కాగితం అందుకుని చదివింది. చదువులో మొదటిది కదా, తొందరగానే చదివేసింది. మళ్ళీ మొదటి నుంచి చదివింది. అప్పుడు నా వైపు చూసింది. ఆ చూపులో నింద లేదు. తానే ఏదో పొరపాటు పడినట్టు, సందేహం తీర్చుకోవడానికి పాఠం అడిగినట్టు అడిగింది.

"మేడమ్, నేను సెప్పినాను కదండి?"

 హెడ్మాస్టరు గారు కలం ఆమె ముందుకు జరిపారు. పిల్ల కలం తీసుకుంది. పెట్టమంటే పెట్టేసేదే. పద్నాలుగేళ్ళ పిల్ల, ఎదురుగా ఇద్దరు పెద్దవాళ్ళం. మేం చెప్పింది నిజమని, తనకు గుర్తున్నది తప్పని నమ్మేసేది కూడా. అది నాకు కనబడింది. మైదానంలో చేసిన తప్పు ఒక పిల్ల ఒంటికి తగిలింది. ఇప్పుడు చేస్తున్నది ఇంకో పిల్లకు ఇంకెక్కడో తగులుతుంది.

కాగితం లాక్కున్నాను. "చెప్పావమ్మా. నేనే నమ్మలేదు. నువ్వు క్లాసుకెళ్ళు," అన్నాను.

రెండో సంజాయిషీ అక్కడే కూర్చుని రాశాను. పిల్ల చెప్పిందని, నేను కసిరానని, చెయ్యి ఎత్తితే చూసి కూడా చూడనట్టున్నానని రాశాను. హెడ్మాస్టరు గారు చదివి, నెత్తి పట్టుకుని, చివరికి పైకి పంపారు. సర్వీసు పుస్తకంలో ఒక మందలింపు పడింది. మా బడిలో హాకీ ఆపేయమన్నారు. బదిలీ అవుతుందని కూడా అనుకున్నాను, ఎందుకో కాలేదు.

తాళంచెవి సొరుగులోంచి తీసి తొమ్మిదో తరగతి గుమ్మం పక్కన మేకుకు తగిలించాను. సిబ్బందిలో ఇద్దరు నెలరోజులు నాతో మాట్లాడలేదు. ఆ ఒక్క మరుగుదొడ్డీ అంతమంది పిల్లలకు చాలదని మేం అర్జీలు పెడితే, వేసవి తర్వాత ఆడపిల్లలకని రెండు గదులు కట్టారు. అప్పుడు హాకీకి మళ్ళీ అనుమతి అడిగాను. ముందు పొడుగు పిల్ల తండ్రి ఒప్పుకుంటేనే, అన్నారు హెడ్మాస్టరు గారు. ఒడ్డుకు వెళ్ళాను. ఆయన పడవ నీడలో వల బాగుచేసుకుంటున్నాడు. నేను చెప్పిందంతా తలెత్తకుండా విన్నాడు. వలకు ఇంకో రెండు ముడులు వేశాడు.

"ఆడనీండి. అదాగదు," అన్నాడు చివరికి. "గాని నీళ్ళు మీ సేత్తో ఇచ్చి, తాగింది సూసి, అప్పుడు దింపండి."

ఆ ఏడు మళ్ళీ టెక్కలి. ఈసారి నా మెడలో విజిల్‌తోపాటు ఒక కాగితం కూడా ఉంది, ఎవరు ఎప్పుడు లోపలికి, ఎవరు ఎప్పుడు బయటికి అని. పావుగంటకోసారి బిందె దగ్గరకు పిలిచి ఒక్కొక్కరికీ నీళ్ళిచ్చాను. అవతలి జట్టువాళ్ళు నవ్వారు. ఫైనలు దాకా రాలేదు. ముందు మ్యాచ్‌లోనే గట్టి జట్టు తగిలింది. ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయనగా స్కోరు సమానం. పొడుగు పిల్ల ఊపుమీద ఉంది, బంతి ఆమె కర్రకు అతుక్కున్నట్టే ఉంది. కాగితం ప్రకారం ఆమె బయటికి రావాలి, కళ్ళజోడు పిల్ల లోపలికి వెళ్ళాలి.

హెడ్మాస్టరు గారు ఈసారి కూడా వెనకే ఉన్నారు. నా చెయ్యి పైకి లేవడానికి ఎంతసేపు పట్టిందో మీకు చెప్పలేను. ఒక్క క్షణమే కావచ్చు. లేపాను. పొడుగు పిల్ల నన్ను నమ్మలేనట్టు చూసింది, తర్వాత పరిగెత్తుకొచ్చి కర్ర స్నేహితురాలి చేతికిచ్చింది. కళ్ళజోడు పిల్ల కళ్ళజోడుకు తాడు కట్టుకుని లోపలికి వెళ్ళింది. బంతి రెండుసార్లు ఆమె దగ్గరకు వచ్చింది. మొదటిసారి ఆపింది. రెండోసారి కర్ర కిందనుంచి దాటిపోయింది, అదే గోలు అయింది. ఓడిపోయాం.

తిరుగు బస్సులో ఆ ఇద్దరూ ఒకే సీటులో కూర్చున్నారు. ఒకతె ఏడుస్తోంది, ఇంకొకతె పల్లీలు ఒలిచి ఆమె చేతిలో పెడుతోంది. సోంపేట వైపు వెళ్ళే ఆ బస్సును దారిలో రెండుసార్లు ఆపించారు మా పిల్లలు. లెక్కల మాస్టారు రెండో వైపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

మర్నాడు హెడ్మాస్టరు గారు నన్ను గదికి పిలిచారు. కోపంగా లేరు, నిజంగా అర్థంకాక అడిగారు. అంత మంచి ఊపులో ఉన్న పిల్లను ఆ సమయంలో ఎందుకు తీశారమ్మా, గెలిచేవాళ్ళం కదా, అన్నారు.

"రెండోపిల్ల వంతు వచ్చింది సార్," అన్నాను.